అరచేతికి ఆనిన మౌసే మంచి మౌసు

ఈ వారం చక్రాయపేటలో మా అక్క వాళ్లింట్లో ఉన్నాను. మేనకోడలు ఇంటి నుంచే పని చేస్తోంది. రోజంతా కాల్స్ మాట్లాడే ఉద్యోగం, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. మొన్న రాత్రి సంగటి ముందు కూర్చుని స్పూను తెమ్మంది!

"మణికట్టు నొప్పి పుడతాంది మామా. చెవులైతే మధ్యాన్నానికే మండుతాండాయి. పైగా నా మాట బావిలోంచి వచ్చినట్టుందంట, మేనేజరు రెండుసార్లు చెప్పినాడు" అనింది.

రెండుసార్లు చెప్పినవాడు మూడోసారి చెప్పడు, మెయిల్ పెడతాడు.

లేచి ఆమె బల్ల చూశాను. మౌసు అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, ప్రయాణాల్లో బ్యాగులో వేసుకోవడానికి చేసిన రకం. అరచేయి ఆనదు కాబట్టి రోజంతా వేళ్లతో గిల్లి పట్టుకోవాలి. హెడ్‌సెట్ పాటల కోసం కొన్న బ్లూటూత్‌ది. ఇక్కడే చాలామంది పొరపడతారు. మామూలు బ్లూటూత్‌లో పాటలు వినేటప్పుడు ఒక పద్ధతి, మైకు ఆన్ చేయగానే ఇంకో పద్ధతి. రెండోదాంట్లో శబ్దం నాణ్యత బాగా పడిపోతుంది. బావి గొంతు అక్కడి నుంచే వచ్చింది.

మర్నాడు ఇద్దరం వేంపల్లెకు పోయాం. షాపాయన డీపీఐ అంకెలు చదవబోతే ఆపేశాను. ఎక్సెల్, మెయిల్ పనికి వెయ్యి చాలు, మిగతాది గేములాడే పిల్లలకు. లాజిటెక్ బి100, డెల్ ఎంఎస్116 రెండూ వైరువి, రెండు పక్కలా ఒకే ఆకారం. చేయి నొప్పెడితే ఎడమచేతికి మార్చుకోవచ్చు. లాజిటెక్ ఎం185 వైర్‌లెస్. గోడ గడియారానికి వేసే సెల్లు ఒక్కటి చాలు, కంపెనీ లెక్కలో ఏడాది వస్తుంది, అయిపోతే ఊళ్లో అంగట్లోనే దొరుకుతుంది. ఎం331 కుడిచేతి వాటం. బొటనవేలికి చోటుంది, క్లిక్కు చప్పుడు దాదాపు ఉండదు కాబట్టి కాల్‌లో అవతలివాళ్లకు టకటకలు వినబడవు. చెన్నై కంపెనీ జెబ్రానిక్స్‌వి కూడా పట్టి చూశాం. పెట్టె మీద పేరు చూడొద్దు, మూత తీయించి చేయి పెట్టి చూడండి. అరచేయి ఆని, మణికట్టు వంగకపోతే అది మీ మౌసు. పిల్ల ఎం331 పట్టుకుని వదల్లేదు.

హెడ్‌సెట్ దగ్గరే ఎక్కువసేపు పట్టింది. లాజిటెక్‌లోనే హెచ్110, హెచ్111 అని రెండున్నాయి. చూడ్డానికి అన్నదమ్ములే. మొదటిదానికి రెండు పిన్నులు, మాటకొకటి, మైకుకొకటి. రెండోదానికి ఒకటే. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు చాలావరకు ఉండేది ఒకటే కన్నం. ఒక్క అంకె తేడా చూడక తీసుకుంటే ఇంటికొచ్చాక తల పట్టుకోవాల్సిందే. హెచ్390 యూఎస్‌బీది, వైరు మీదే మ్యూట్ బటన్ ఉంది, మాట శుభ్రంగా పోతుంది. కానీ చెవి మెత్తలు రెక్సిన్ లాంటివి. మన కడప ఎండల్లో, కరెంటు పోయిన మధ్యాహ్నం అవి పెట్టుకుంటే చెవుల్లో చెమట కారుతుంది. హెచ్111కు స్పంజి మెత్తలు, గాలి ఆడుతుంది. డెన్మార్క్ కంపెనీ జబ్రా ఈ పనికే పేరున్నది గానీ, ప్రొబేషన్ జీతానికి బరువు.

కళ్లద్దాలున్నవాళ్లు అద్దాలతోనే పెట్టుకుని పది నిమిషాలు కూర్చోండి. షాపాయన విసుక్కున్నా సరే. మా పిల్ల కూర్చుంది. హెచ్390 కాడ చెవి వెనక నొక్కిందట, హెచ్111 తీసుకుంది. సౌండు ఎక్కువ పెట్టొద్దని చెప్పాను. 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఈ పిల్ల పనిగంటలే అంతకు తక్కువ లేవు.

ఇంటికొచ్చాక జేజి కొత్త మౌసు చేతిలోకి తీసుకుని, "ఈ ఎలకను పట్టుకోడానికా జీతమిచ్చేది?" అనింది.

నిన్నటి మీటింగులో మేనేజరు గొంతు గురించి ఏమీ అనలేదంట. మణికట్టు మాత్రం ఇంకా తగ్గలేదు. సోమవారం కడపలో డాక్టరుకు చూపించడానికి సెలవు పెట్టించాను.