గుమాస్తా కబుర్లు: వాలు నేలలో చిన్న యిల్లు

క్రిందటి నెల పెళ్ళి ఖర్చుల గురించి వ్రాస్తే కొందరు మెచ్చుకున్నారు, కొందరు కోప్పడ్డారు. పెళ్ళి తరువాత యిల్లే గదా. అందుచేత ఈ నెల మా యింటి మాట ఎత్తుతున్నాను. యిది గొప్పకు వ్రాయడం లేదు. మేము చేసిన పొరపాటు మన వాళ్ళలో మరొకరు చేయకూడదని వ్రాస్తున్నాను.

మా నాన్నగారు గోపాలపురం దగ్గర, సముద్రానికి ముప్పాతిక మైలు దూరంలో ఒక చెక్క స్థలం కొన్నారు. యిల్లు కట్టకుండానే వెళ్ళిపోయారు. పడమట వీధి, తూర్పున దూరంగా నీలం గీతలా సముద్రం, మధ్య నేలంతా జారుడు. "కొన్నవారు సముద్రం ప్రక్కనే కొనకపోయారా" అని మా అమ్మ ఆ రోజుల్లో సణిగేది. 1991లో తీరప్రాంతపు నిబంధనలు వచ్చాయి. 2011లోను, 2019లోను వాటిని మార్చారు. పోటు గీత నుండి 500 మీటర్ల లోపల కట్టడాలకు ఆ నిబంధనలు వర్తిస్తాయి. మా స్థలం ఆ మేరకు అవతల ఉంది. నాన్నగారి దూరపు బేరం చివరకు మేలే చేసింది.

స్థలం పొడవు 40 అడుగులు, వెడల్పు 30. మేస్త్రీ ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు పోసి మట్టం చూసి, వీధి నుండి తూర్పు హద్దుకు 6 అడుగుల పల్లం అని తేల్చాడు. మా పెద్దన్నయ్య, "ఏముందిరా, తూర్పున గోడ పెట్టి మట్టి పోసేద్దాం. చదును చేసి మేడ కడదాం. క్రింద నీకు, పైన నాకు" అన్నాడు. సగటున 3 అడుగుల మట్టి అనుకున్నా 3,600 ఘనపుటడుగులు కావాలి. నేను జమాఖర్చులు వ్రాసే మనిషినే గాని, అన్నయ్య మాటకు ఎదురు చెప్పడం అలవాటు లేదు. రెండేళ్ళ బోనసు తీసి ఒక కంట్రాక్టరు చేతిలో పోశాను.

గోడ లేచింది. మట్టి పడింది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చింది. గాలి సంగతి అలా ఉంచి, మా గోడను వానే పడగొట్టింది. మట్టి నీళ్ళు త్రాగి బరువెక్కింది. నీళ్ళు బయటకు పోవడానికి గోడలో ఒక్క కన్నమైనా లేదు. తెల్లవారి చూస్తే గోడ బోర్లా పడి ఉంది, నా బోనసు ప్రక్కవాడి పెరట్లో బురదగా పరచుకొని ఉంది. కంట్రాక్టరును అడిగితే "దేవుడి పని బాబూ" అన్నాడు. కన్నాలు పెట్టడం మనిషి పనే గదా!

అప్పుడు ఇంజనీరింగు చదివిన మా మేనల్లుణ్ణి పిలిచాను. వాడు స్థలమంతా తిరిగి, "మామయ్యా, నేలను యింటికి సరిపెట్టకు. యింటినే నేలకు సరిపెట్టు" అన్నాడు. పోసిన మట్టి ఏళ్ళ తరబడి కుంగుతూనే ఉంటుందట. పునాది ఎప్పుడూ పాత గట్టి నేలను అందుకోవాలట. అందుచేత యిల్లు మూడు మెట్లుగా దిగాలన్నాడు. వీధి మట్టాన ఒక అరుసు, దానికి 2 అడుగుల క్రింద ఇంకొకటి, మరి 2 అడుగుల క్రింద మూడవది. మిగిలిన 2 అడుగులు తూర్పు వసారాకు పునాది ఎత్తు. మట్టి కొననక్కర లేదు. నిలబెట్టే గోడలన్నీ పొట్టివే. వాటిలోనూ నాలుగేసి అడుగులకొక కన్నం, వెనుక రాతి ముక్కల పొర.

"వాస్తు?" అన్నాను భయంగా. తూర్పు పల్లం మంచిదని పెద్దలు చెప్పనే చెప్పారు. దాన్ని పూడ్చబోయినది మేమే!

గదులు ఎన్ని అన్న దగ్గర అసలు చిక్కు వచ్చింది. మేనల్లుడు ఒక కథ చెప్పాడు. చండీగఢ్ నగరానికి ప్లాను వేసిన లె కార్బూజియే 1952లో ఫ్రాన్సు దక్షిణ తీరాన, సముద్రం మీదికి వాలిన నేలలో తన కోసం ఒక చెక్క గది కట్టుకున్నాడట. 3.66 మీటర్ల చదరం, అంటే 12 అడుగులకు 12. ఎత్తు 2.26 మీటర్లు. మంచం, బల్ల, అలమర అన్నీ గోడలోనే యిమిడిపోయాయి. ప్రక్కనే హోటలు ఉండడం వల్ల వంటగది పెట్టుకోలేదు. ఊళ్ళకు ఊళ్ళు గీసినవాడు తనకు ఒక గది చాలన్నాడు! "ప్రక్కన హోటలు ఉంటే నాకూ చాలును" అంది మా యింటావిడ.

అంత దూరం ఎందుకు? మన శ్రీకాకుళం, విశాఖ తీరపు చుట్టిళ్ళు చూడండి. గుండ్రని గోడ, నేలను తాకబోయేటంత క్రిందికి దిగిన కప్పు. గాలి పట్టుకోవడానికి మూల దొరకదు. తక్కువతో సరిపెట్టుకోవడం మన తాతలకు తెలిసినదే.

చివరకు హద్దులకు వదలవలసినది వదలి, సుమారు 600 చదరపు అడుగులే కట్టాము. వీధి మట్టాన అమ్మ గది, వంటిల్లు, స్నానాలగది. అమ్మ మోకాళ్ళు మెట్లెక్కవు మరి. నడిమి మెట్టున ఒకే హాలు. క్రింది మెట్టున వసారా. ఇవన్నీ ఉత్తరపు ప్రక్కకు వరుసగా ఉంటే, అమ్మ గది ఒక్కటి నైరుతికి తిరిగింది.

"సముద్రం కనబడే వసారా క్రింద పెట్టి నన్ను పైన కూర్చోబెడతారా?" అంది అమ్మ. జారుబాట వేద్దామంటే, అడుగు దిగడానికి 12 అడుగుల బాట కావాలి. 4 అడుగులు దిగడానికి 48. మా స్థలమే 40! అందుకని అమ్మ గది ముందు తూర్పున ఏమీ కట్టకుండా వదిలేశాము. నేల దిగిపోతూ ఉంటుంది గనుక మంచం మీద నుండే కిటికీలో సముద్రం కనబడుతుంది. దక్షిణపు గాలి ఆ ఖాళీలో నుండే ఇల్లంతా తిరుగుతుంది. మా యింట్లో అన్నిటికంటె విలువైన గది ఆ కట్టని గదే.

కట్టదలచినవారికి మరి నాలుగు మాటలు. సముద్రపు ఇసుక, ఉప్పునీరు కాంక్రీటులో కలపనీయకండి. ఉప్పు తగిలిన ఇనుము తుప్పు పట్టి ఉబ్బి, కాంక్రీటును లోపలి నుండి పగలగొడుతుంది. తీరప్రాంతంలో ఊచల పైన 45 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలని ప్రమాణాలు చెబుతున్నాయి. ఊచ క్రింద దిమ్మలు పెట్టారో లేదో పోత పోసే రోజున మీరే నిలబడి చూడండి. వసారా కప్పును ఇంటి కప్పుతో కలపకండి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. అప్పుడు మా అద్దె యింటి వసారా రేకులు పోతూ పోతూ గది రేకులను కూడా లాక్కుపోయాయి. విడిగా ఉంటే పోయేది వసారా ఒక్కటే.

ఇల్లు పూర్తయ్యాక పెద్దన్నయ్య వచ్చాడు. మూడు అరుసులూ దిగి చూసి, మళ్ళీ ఎక్కి వచ్చి, "బాగానే ఉంది. నా గది ఏదిరా?" అన్నాడు. స్థలంలో వాడికీ భాగం ఉంది. తక్కువలో కట్టుకోవడం గొప్పే గాని, ఆ తక్కువలో ఎవరు మిగలకుండా పోయారో కూడా చూసుకోవాలి. "హాలంతా నీదే అన్నయ్యా" అన్నాను. ఆ జవాబు నాకే చాలలేదు. వాడు మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

రెండు నెలలకు పెద్ద వాన కురిసిన రోజున చెప్పకుండా ఆటోలో దిగాడు. గొడుగు పట్టుకొని పెరట్లో చాలాసేపు నిలబడ్డాడు. కన్నాలలో నుండి నీళ్ళు సన్నగా కారి కాలువలో పడుతున్నాయి. "గోడ నిలబడిందిరా" అన్నాడు. తరువాత ఆటోలో నుండి నాన్నగారి పడక కుర్చీ దింపించి, హాలులో కిటికీ ప్రక్కన వేయించాడు. ఆ రాత్రి అందులోనే పడుకున్నాడు.

వాడికి మంచం వేసే చోటు ఎక్కడా అని నేను ఇప్పటికీ టేపు పట్టుకొని కొలుస్తూనే ఉన్నాను. మీ యిళ్ళలో ఇటువంటి చిక్కు ఎలా తీర్చుకున్నారో సంపాదకుల పేర వ్రాయండి.