చదువు రాలేదని పాట మాన్పించకండి

"నోటితో అడిగితే అన్నీ చెప్తాడండీ, కాగితం మీద పెట్టమంటేనే గుండుసున్నా!" పేరెంట్స్ మీటింగుల్లో ఈ మాట చెప్పి తల దించుకునే తల్లుల్ని చాలామందిని చూశాను. దానికి టీచరు గారిచ్చే జవాబు కూడా మనకు కంఠతా వచ్చు. "ఇంట్లో మీరు శ్రద్ధ పెట్టడం లేదమ్మా!" ఇంటికొస్తే, "తల్లి టీవీ ముందు కూర్చుంటే పిల్లాడికి చదువెలా వస్తుంది?" అని అత్తగారు. "అంతా నీ గారాబమే" అని ఆయన. పిల్లాడికి మార్కులు రాకపోతే బోనెక్కేది అమ్మే కదా!

ఇలాంటి పిల్లల్లో కొందరికున్నది బద్ధకమూ కాదు, మొద్దుతనమూ కాదు. దాని పేరు డిస్లెక్సియా. ఈ పేరు పెట్టింది రుడాల్ఫ్ బెర్లిన్ అనే జర్మన్ కంటి డాక్టరు. అయితే ఇది కంటి జబ్బు కాదని ఆ తర్వాత తేలింది. కళ్ళజోడు పెట్టిస్తే పోయేది కాదు. తెలివితేటలకూ దీనికీ సంబంధం లేదు. మాటలోని శబ్దాలను విడదీసి, ఒక్కో శబ్దాన్నీ దాని అక్షరంతో ముడిపెట్టే దగ్గరే చిక్కంతా. చాలా కుటుంబాల్లో వంశపారంపర్యంగా కూడా వస్తుంది. కాబట్టి తప్పు తల్లి పెంపకానిదీ కాదు, పిల్లాడిదీ కాదు.

"తెలుగు ఎలా పలికితే అలా రాస్తాం, మనకెందుకొస్తుంది?" అంటారు కొందరు. నిజమే, ఇంగ్లీషులా ఒకే అక్షరానికి నాలుగు పలుకులు లేవు మనకి. కానీ గుణింతాలూ ఒత్తులూ ఉన్నాయిగా! 'ప'కీ 'వ'కీ, 'మ'కీ 'య'కీ తేడా పోల్చుకోలేక, ఒత్తు దగ్గర ఆగిపోయి, ఒక వాక్యం చదివేసరికి పిల్లాడికి చెమటలు పట్టేస్తాయి. దాని మీద ఇంగ్లీషు మీడియం. ఇంక చెప్పేదేముంది?

మా ఆడపడుచు కొడుకు సంగతి చెప్తాను. ఐదో క్లాసు. వాళ్ళుండేది విజయవాడలో. మార్కులు తగ్గాయని పొద్దున ఒక ట్యూషను, సాయంత్రం ఒకటి పెట్టారు. వాటికి టైము చాలక, వాడు ఏడాదిగా ఇష్టంగా వెళ్తున్న మృదంగం క్లాసు మాన్పించేశారు. "చదువు లేకుండా ఈ దరువులెందుకు?" అన్నారు అన్నయ్యగారు. రెండు నెలలు తిరక్కుండా మా ఆడపడుచు ఫోను. "వదినా, రోజూ బడికెళ్ళే వేళకి కడుపునొప్పంటాడు. డాక్టరు చూసి ఏమీ లేదన్నారు. నాకేం పాలుపోవడం లేదు."

నెమ్మది మీద క్లినికల్ సైకాలజిస్టుకి చూపించారు. డిస్లెక్సియా అని తేలింది. అక్షరాలు, శబ్దాలు ఒక వరసలో, చూస్తూ, వింటూ, వేలితో రాస్తూ నేర్పే స్పెషల్ టీచరు దొరికారు. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "బాబుకి ఏమిష్టం?" మృదంగం అని తెలియగానే, "ముందు ఆ క్లాసు మళ్ళీ పెట్టించండి" అన్నారట.

ఎందుకన్నారో తర్వాత నాకు అర్థమైంది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఉషా గోస్వామి అనే పరిశోధకురాలు ఉన్నారు. శబ్దంలో దరువు ఎక్కడ పడుతోందో పసిగట్టడం డిస్లెక్సియా ఉన్న పిల్లలకు తోటివాళ్ళకంటే కష్టమవుతోందని ఆవిడా, ఆవిడ తోటి పరిశోధకులూ 2002లో చెప్పారు. మాటను ముక్కలుగా వినాలంటే ఆ దరువు చెవికి ఆనాలి కదా! మన పెద్దవాళ్ళకి ఈ సంబంధం తెలిసే పేరు పెట్టారేమో అనిపిస్తుంది. ఆది తాళానికి ఎనిమిది 'అక్షరాలు' అంటాం మరి!

మా వాడూ మొదట్లో తాళం తప్పేవాడు. కానీ అక్కడ పుస్తకం లేదు, ఎర్ర సిరా లేదు. గురువుగారు 'త ధి తొం నం' అంటే వీడూ అనడం, చేత్తో వేయడం. తప్పితే మళ్ళీ అనడం. నూరుసార్లు అనిపించినా ఆయన విసుక్కోలేదు. ఇప్పుడు స్పెషల్ టీచరు కూడా 'పు-స్త-కం' అని చప్పట్లు కొట్టించి చదివిస్తున్నారు.

వాడు క్లాసు ఫస్టు వచ్చేశాడని చెప్పబోవడం లేదు. ఇప్పటికీ నిదానంగానే చదువుతాడు. సంగీతం దీనికి మందు కాదు, అక్షరాలు నేర్పే పనిని దాని మీదకి తోసెయ్యకూడదు. కానీ బడికెళ్ళేటప్పుడు కడుపునొప్పి లేదు. నేను చేతగానివాణ్ణి కాను అని వాడికి తెలిసింది. ఆ ధైర్యం లేని పిల్లాడికి ఏ టీచరు మాత్రం ఏం నేర్పగలరు?

ఆడపిల్లల విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. మగపిల్లాడు అల్లరి చేసి పట్టుబడతాడు. ఆడపిల్ల మూల కూర్చుని, పక్కమ్మాయి పుస్తకంలో చూసి రాసుకుని, నోరు మెదపకుండా నెట్టుకొస్తుంది. పైగా "నలుగురికీ తెలిస్తే రేపు సంబంధాలు రావు" అని మనమే కప్పిపెడతాం. నా చిన్నప్పుడు మా వీధిలో ఒకావిడ ఉండేది. ఏ పేరంటమైనా ఆవిడ మంగళహారతి పాడందే అయ్యేది కాదు. ఎన్ని పాటలో, అన్నీ నోటికే! "చదువబ్బలేదని ఐదో క్లాసులో మాన్పించి పెళ్ళి చేసేశారే" అని నవ్వుతూనే చెప్పేది. ఆవిడకి ఉన్నది డిస్లెక్సియానో కాదో ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడగడానికి మనకే అడ్డూ లేదు.

చట్టం కూడా తోడుంది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఈ పిల్లల ఊసే లేదు. 2016లో వచ్చిన కొత్త చట్టం 21 రకాల వైకల్యాలలో దీన్నీ చేర్చింది. సర్టిఫికెట్ ఉంటే సీబీఎస్ఈ మూడు గంటల పరీక్షకు ఒక గంట ఎక్కువ ఇస్తుంది, రాసిపెట్టే మనిషినీ ఇస్తుంది. మీ పిల్లలది రాష్ట్ర బోర్డయితే ఏ సదుపాయాలున్నాయో హెడ్మాస్టరు గారిని అడగండి. అడగడం మన హక్కు. చెన్నైలో మద్రాస్ డిస్లెక్సియా అసోసియేషన్ టీచర్లకు శిక్షణ ఇస్తోంది. మన స్కూళ్ళ వాళ్ళకీ ఆ మాట చెవిన వెయ్యండి.

2007లో 'తారే జమీన్ పర్' సినిమా చూసి కళ్ళు తుడుచుకోని తల్లి లేదు. మర్నాడు పొద్దున్నే పిల్లల్ని ట్యూషనుకి తరిమిన తల్లులకీ కొదవలేదు! ఏడ్చింది చాలు. పిల్లాడు చదవలేకపోతుంటే తిట్టే ముందు పరీక్ష చేయించండి. టైము చాలకపోతే ఒక ట్యూషను తగ్గించండి. పాటో, మృదంగమో, వాడు తలెత్తుకుని వెళ్ళే ఆ ఒక్క గంటనీ మాత్రం ముట్టుకోకండి.