ఐసెట్ రెండవసారి రాసేవారి నిద్ర గురించి

ఐసెట్‌లో ఆశించిన ర్యాంకు రాక, మళ్ళీ రాయదలచిన నల్లగొండ, పాలమూరు పిల్లలు కొందరు రాత్రి 2 గంటల వరకు మేల్కొని చదువుటయే పట్టుదల అనుకొంటారు. వైద్యునిగా నేను ఇందుకు సమ్మతించను.

పరీక్ష స్వభావం చూడండి. 150 నిమిషాలలో 200 ప్రశ్నలు, అనగా ఒక్కొక్కదానికి 45 సెకన్లు. వాటిలో 150 ప్రశ్నలు విశ్లేషణ, గణితాలవే. తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. రెండవసారి రాసేవారికి పాఠం తెలిసినదే; కావలసినవి వేగం, ఏకాగ్రత. నిద్ర తరిగితే ముందుగా దెబ్బతినేవి అవే. పగలు చదివినది మెదడులో స్థిరపడుటకు కూడా నిద్రే ఆధారం. ఏడు గంటల నిద్రలో మూడు గంటలు కోసి చదువుకు జమకట్టుట నష్టపు బేరం. వ్యాపార నిర్వహణ చదవబోయేవారికి ఈ లెక్క తెలియవద్దా! సాయంత్రం దాటినాక టీ మానండి. అసలు పరీక్ష పగటిపూటనే జరుగుతుంది గనుక నమూనా పరీక్షలు కూడా పగలే రాయండి.

తల్లిదండ్రులారా, అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా "ఈసారన్న వస్తదా?" అని అడగకండి. నిద్రలేమి, ఆకలి మందగించుట, ఎవరితోనూ మాట్లాడకపోవుట రెండు వారాలు దాటితే ర్యాంకు సంగతి పక్కనబెట్టి మానసిక వైద్యునికి చూపండి. బ్రతకాలని లేదన్న మాట ఒక్కసారి వినబడినా రెండు వారాలు ఆగవద్దు. టెలిమానస్ 14416కు రాత్రింబవళ్ళు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చును; తెలుగులోనే మాట్లాడుతారు.