వాస్తవాలు తేలేది కింది కోర్టులోనే

"హైకోర్టుకెళితే నా సంగతి మళ్లీ మొదట్నించీ ఇంటారా అమ్మా?" గుడివాడ కోర్టు వరండాలో ఒక పెద్దామె నన్నడిగింది. తండ్రి పొలంలో వాటా కోసం అన్నదమ్ముల మీద దావా వేసింది. రెండు కోర్టుల్లో ఓడిపోయింది. హక్కు విడుదల దస్తావేజు మీద ఆమె వేలిముద్ర ఉంది. అందులో ఏముందో తనకెవరూ చదివి చెప్పలేదంటుంది.

వినరని చెప్పాల్సి వచ్చింది. మొదటి అప్పీలు కోర్టు సాక్ష్యాన్నీ చట్టాన్నీ రెంటినీ పరిశీలించాలి. రెండో అప్పీలుకు మాత్రం సివిల్ ప్రొసీజర్ కోడ్ 100వ సెక్షను హద్దు పెట్టింది. 1976 నాటి సవరణ 1977 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చాక, ముఖ్యమైన న్యాయప్రశ్న ఉంటేనే హైకోర్టు జోక్యం చేసుకుంటుంది. తెలిసి వేలిముద్ర వేసిందా లేదా అన్నది వాస్తవానికి సంబంధించిన విషయం. కీలక సాక్ష్యాన్ని వదిలేస్తేనో, సాక్ష్యమే లేకుండా తేలిస్తేనో తప్ప దాన్ని తిరగదోడరు.

మరి తులసమ్మ గెలవలేదా అని అడగొచ్చు. నెల్లూరు ప్రాంతం కేసు అది. మనోవర్తి హక్కు కింద వితంతువుకు దక్కిన ఆస్తి పూర్తిగా ఆమెదేనని 1977 మార్చి 17న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆస్తి ఎలా వచ్చిందో రాజీ డిక్రీలోనే ఉంది. మిగిలింది 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షనుకు అర్థం చెప్పడమే.

మన ఆడవాళ్ల కేసులు చాలావరకు అలాంటివి కావు. అడంగల్లో పేరు అన్నది. కవులు డబ్బు అన్న చేతికే. సాక్షులు అన్న మనుషులే. దివిసీమలోనైతే 1977 నవంబరు 19 ఉప్పెనలో ఇళ్లతోపాటు కాగితాలూ కొట్టుకుపోయాయి. ఇక ఆమె ఏం రుజువు చూపిస్తుంది? 1985లో రాష్ట్ర సవరణ, 2005లో కేంద్ర సవరణ ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకిచ్చిన వాటాను ఒక్క వేలిముద్రతో లాగేసుకోవచ్చు.

అలాగని అప్పీళ్లకు హద్దే వద్దనను. హద్దు లేకపోతే లాభం ఏళ్ల తరబడి ఫీజులు కట్టగల అన్నకే. అయితే వాస్తవాలు కిందనే తేల్చేస్తామన్నప్పుడు, ఆడదాని మాట అక్కడ వినాలి. మొదటి అప్పీలు కోర్టు కారణాలు రాయకుండా కింది తీర్పుకు తలూపితే 41వ ఆర్డరు 31వ రూలును మీరినట్టే. అవనిగడ్డలో దాఖలు చెయ్యని కాగితాన్ని మచిలీపట్నంలో అప్పీలులో పెడతామంటే మామూలుగా ఒప్పుకోరు. కాబట్టి మంచి లాయరు మొదటి రోజునే కావాలి. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షను ప్రకారం ఆదాయంతో పనిలేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయసహాయం పొందే హక్కుంది. అడిగి తీసుకుందాం.

రిజిస్ట్రారు ఆఫీసులో ఆమె బొటనవేలికి సిరా పూసే ముందే మనం పక్కన నిలబడాలి. హైకోర్టు మెట్ల దగ్గర నిలబడేనాటికి చాలా ఆలస్యమైపోతుంది.