జ్యువెల్ ఆర్కిడ్‌ను ఎర్రమట్టిలో పెట్టొద్దు, కొబ్బరి డొక్కలో నాటండి



ముఖమల్ లాంటి ముదురు ఆకు మీద రాగి గీతలుండేది లుడిసియా. పచ్చని ఆకు మీద బంగారు జరీ అల్లినట్టుండేది మకోడెస్. ఈ జ్యువెల్ ఆర్కిడ్లను పువ్వు కోసం కాదు, ఆకు కోసమే కొంటాం. అలా కొన్నవి మన ఇళ్లలో కుళ్లిపోతున్నాయి. నా మొదటి లుడిసియా ఆకులు వాల్చినప్పుడు దాహమనుకుని ఇంకా నీళ్లు పోశాను. తీసి చూస్తే మట్టిలో ఉన్న కాడంతా మెత్తబడిపోయింది. క్రోటన్లకు వాడే ఎర్రమట్టి, పశువుల ఎరువులోనే దాన్నీ నాటి అమ్మారు.

వీటికున్న ‘నేల ఆర్కిడ్’ అన్న పేరే మనల్ని తప్పుదారి పట్టిస్తోంది. దక్షిణ చైనా నుంచి ఇండోనేషియా దాకా తడి అడవుల్లో లుడిసియా కాడ రాలిన ఆకుల మీదుగా పాకుతుంది. పొట్టి వేళ్లు ఆ ఆకుల పొరలోనే ఉంటాయి. అక్కడ తడీ ఉంటుంది, గాలీ ఆడుతుంది. ఎర్రమట్టి తడిస్తే గాలి దూరదు. పోనీ, చెట్టు ఆర్కిడ్లకు వేసినట్టు పెద్ద బొగ్గు ముక్కలు వేద్దామంటే మన ఎండాకాలంలో పూటకే ఆరిపోతాయి.

స్ఫాగ్నమ్ నాచు మంచిదే, కాడ ముక్కలకు వేళ్లు రప్పించడానికి నేనూ వాడతాను. కానీ అది తన బరువుకు ఇరవై రెట్ల దాకా నీరు పట్టి ఉంచుతుంది. చేయి జారి రెండు చెంబులు ఎక్కువ పోస్తే మళ్లీ కుళ్లే. పైగా న్యూజిలాండ్ నుంచో చిలీ నుంచో వచ్చిన నాచును అంత ధర పెట్టి కొనడమెందుకు? గోదావరి ఒడ్డున కడియం నర్సరీలున్నాయి. ఆ పక్కనే కోనసీమలో కొబ్బరి డొక్కలు గుట్టలుగా పడి ఉంటాయి.

డొక్కను సెంటీమీటరు ముక్కలు చేసి కడగండి. ఈ పని ఎవరూ మానొద్దు. కొబ్బరి పీచులో సోడియం, పొటాషియం లవణాలుంటాయి, అవి వేళ్లను మాడుస్తాయి. రోజుకోసారి నీళ్లు మారుస్తూ, టీ రంగు పలచబడేదాకా నానబెట్టాలి. నాలుగు పాళ్లు డొక్కకు రెండు పాళ్లు పెర్లైట్ లేదా చిన్న బొగ్గు ముక్కలు, ఒక పాలు బాగా మాగిన ఆకుల ఎరువు కలపండి. కుండీ లోతు తక్కువగా, వెడల్పుగా ఉండాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాన నీళ్లు పట్టి పోయండి.

నర్సరీ యజమానులారా, ఈ మొక్కను ఈ మిశ్రమంలోనే నాటి అమ్మండి. కుండీలో ఏముందో చీటీ మీద రాయండి. కణుపున్న చిన్న కాడ ముక్క చాలు, కొత్త మొక్క వస్తుంది. అడవిలో తవ్వి తెచ్చినదాన్ని అమ్మొద్దు, మేమూ కొనం.

ఇప్పటికే ఎర్రమట్టిలో ఉన్న మొక్కను ఈ ఆదివారమే బయటికి తీయండి. వేళ్లకున్న మట్టి కడిగి, మెత్తబడ్డ కాడ కోసేసి, గట్టిగా ఉన్న ముక్కను డొక్క మీద పడుకోబెట్టండి. పాతిపెట్టొద్దు.