తరిమితే సరిపోదు.. చదవాలి!

హోసూరు, డెంకణికోట, కోలారు సరిహద్దుల్లో రాగి పైరు ఏపుకొచ్చిందంటే రైతుకు కంటిమీద కునుకుండదు. ఏ రాత్రి ఏనుగులు దిగుతాయో తెలియదు. 1980ల్లో ఇటు అడవుల నుంచే ఏనుగులు చిత్తూరు జిల్లాలోకి వెళ్లాయి. వాటికోసం 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. 2025 మేలో కర్ణాటక నాలుగు కుంకీ ఏనుగులను ఆంధ్రకు అప్పగించింది. కుంకీ ఏనుగు తరమగలదు. వచ్చినవి మళ్లీ ఎందుకొస్తున్నాయో చెప్పలేదు కదా!

మందు ఒకటే కాదు
బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్త రామన్ సుకుమార్ 1980ల్లో బిళిగిరిరంగ, సత్యమంగళం అడవుల్లో ఇదే ఆరా తీశారు. పంటల మీద ఎక్కువగా పడేది మగ ఏనుగులేనని, అడవి గడ్డికన్నా రాగిలో పోషకాలు ఎక్కువని తేల్చారు. రుచి మరిగిన ఒంటరి మగదానికి, పిల్లలతో దారి వెతుక్కునే మందకు ఒకే మందు పనిచేయదు. ఎక్కడ కందకం తవ్వాలి, ఎక్కడ లాంటానా పొదలు తీసి గడ్డి పెంచాలి.. ఇవి ఏళ్లతరబడి అడవిలో తిరిగి తేల్చాల్సిన లెక్కలు.

సీటొచ్చినా బెంగే
ఆ చదువులు దగ్గర్లోనే ఉన్నాయి. బెంగళూరు జాతీయ జీవశాస్త్ర కేంద్రంలో 2004 నుంచి వన్యప్రాణి ఎమ్మెస్సీ నడుస్తోంది. మయిలాడుతురై ఏవీసీ కళాశాల, శివమొగ్గ కువెంపు వర్సిటీ, డెహ్రాడూన్ వన్యప్రాణి సంస్థ కూడా ఈ బాటలోవే. చిక్కంతా తర్వాతే. కొలువుల్లో చాలావరకు ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. రేంజరు పోస్టుకు ఈ పీజీ తప్పనిసరి కాదు. ఇల్లు గడవాల్సిన రైతుబిడ్డ ఎలా ధైర్యం చేస్తాడు?

మూడు భాషల బలం
ఏనుగు మూడు రాష్ట్రాలు తిరుగుతుంది. దాని వెంట తిరిగేవారికి మూడు ఊళ్ల మాటా తెలియాలి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళమో కన్నడమో నేర్చిన సరిహద్దు పిల్లలకు అది పుట్టుకతో వచ్చిన ఆస్తి. మూడు అటవీశాఖలూ కలిసి ఇలాంటివారికి ఉపకార వేతనాలు, శాశ్వత పరిశోధక పోస్టులు ఇవ్వాలి. అంతవరకూ ఏటా నష్టపరిహారం పంచడం, మళ్లీ తరమడం.. ఇదే వరస.