గోత్రం అడగని పండుగ

తమిళ దళిత ఆలోచనాపరుడు అయోతిదాస పండితుడు 1898లో సింహళం వెళ్లి బౌద్ధ దీక్ష తీసుకుని, మద్రాసులో శాక్య బౌద్ధ సంఘం పెట్టాడు. ఆ సంఘానికి గట్టి అండ దొరికిన చోటు కోలారు బంగారు గనులు. ఉత్తర ఆర్కాటు, చిత్తూరు సీమల నుంచి వచ్చి గనిలోకి దిగిన దళిత కూలీల మధ్య, మారికుప్పంలోనూ చాంపియన్ రీఫ్స్‌లోనూ బౌద్ధ సభలు జరిగాయి. సిద్ధార్థ పుస్తకశాల ఆయన రచనల్ని అచ్చు వేసింది. అంటరానివాళ్లు అసలు బౌద్ధులనీ, ధర్మాన్ని వదలనందుకే వాళ్లను ఊరవతలికి నెట్టారనీ అయోతిదాసు బోధించాడు. చాలా దశాబ్దాల తర్వాత గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కనున్న కొత్తరెడ్డిపాలెంలో ఇలాంటి మాటే మరో రూపంలో వినిపించింది. బాప్టిస్టు సంఘంలో ఉన్న కొన్ని మాదిగ కుటుంబాలు, షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ముల నాయకత్వంలో, తాము ఇశ్రాయేలు గోత్రాల్లో తప్పిపోయిన ఎఫ్రాయీము సంతతి అని చెప్పుకుని 1991లో సినగాగ్ ఏర్పరచుకున్నాయి. రెండు చోట్లా అడిగింది గౌరవం. రెండు చోట్లా అందుకు రుజువుగా చూపింది పుట్టుక. గౌరవానికి పుట్టుక రుజువు కాదనీ, యూదు మతంలో నిజంగా తీసుకోదగినదానికి ఏ వంశావళీ అక్కర్లేదనీ నా వాదన.

ముందు వంశావళి సంగతి చూద్దాం. క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరు రాజులు షోమ్రోనును పట్టుకున్నారు. చెరగొనిపోయినవాళ్లు 27,290 మంది అని ఆ రాజుల్లో ఒకడైన సర్గోను శాసనం అంటుంది. ఉత్తర రాజ్యపు జనంలో ఎక్కువ భాగం అక్కడే ఉండిపోయింది. వెళ్లినవాళ్లను హాలహు, గోజాను, మాదీయుల పట్టణాల్లో ఉంచారని బైబిలే చెబుతోంది. అక్కడి నుంచి కృష్ణా తీరానికి ఒక గోత్రం వచ్చి చేరిందనడానికి శాసనం లేదు, నాణెం లేదు, సమాధి రాయి లేదు. శవాన్ని పూడ్చడం, గొడ్డుమాంసం తినడం పాత యూదు ఆనవాళ్లని కొత్తరెడ్డిపాలెం వాళ్లు అంటారు. ఆ రెండూ చేసే జాతులు భూమ్మీద లెక్కలేనన్ని ఉన్నాయి. అయోతిదాసు మాటకూ ఇదే కొలత. కంచిలో బౌద్ధం వెలిగిన మాట నిజమే. కానీ వెయ్యేళ్ల తర్వాతి ఒక కులం మొత్తం దానికి వారసులని చూపే ఆధారం లేదు. అమరావతి, భట్టిప్రోలు స్తూపాలు గుంటూరు సీమలోనే ఉన్నాయి కనుక, కొత్తరెడ్డిపాలెం వాళ్లు కోరుకుంటే బుద్ధుడి వారసత్వం ఇంకా దగ్గరలోనే దొరికేది. పూర్వీకులను మనం కనుక్కోవడం లేదు, ఎంచుకుంటున్నాం.

ఇక యూదు మతం ఇచ్చేదేమిటి? యూదుల సంవత్సరమంతా మనిషి ఎదుగుదల కోసమేనని ఆ మతస్థులు అంటారు. అందులో కొంత నిజం ఉంది. పస్కా నుంచి పెంతెకొస్తు దాకా 49 రోజులు ఒక్కొక్కటిగా లెక్కపెడతారు. ఎలూల్ నెలంతా తమ నడతను తూచుకుంటారు. కొత్త సంవత్సరం మొదలైన పదో నాడు యోమ్ కిప్పూర్ ఉపవాసం. ఈ తేదీలు ఆకాశం నుంచి ఊడిపడినవి కావు. 19 ఏళ్లకు ఏడు అధిక మాసాలు కలిపి, చంద్రుడి నెలల్ని ఋతువులతో సరిపెట్టిన మనుషుల గణితం అది; మన పంచాంగంలోని అధిక మాసమూ ఆ అవసరం నుంచే పుట్టింది. కడుపు మాడ్చుకుంటే పాపం పోతుందని ఎవరూ చూపలేరు. అయితే యూదుల ధర్మశాస్త్రమైన మిష్నా గ్రంథంలోని యోమా భాగం ఒక గొప్ప నియమం పెట్టింది. దేవుడి పట్ల చేసిన తప్పులకే ఆ రోజు ప్రాయశ్చిత్తం; సాటి మనిషికి చేసిన తప్పు, ఆ మనిషిని సమాధానపరిచేదాకా పోదు. అదే తప్పు చేసే అవకాశమూ శక్తీ మళ్లీ ఉన్నప్పుడు చేయకుండా నిలిస్తేనే పశ్చాత్తాపం పూర్తయినట్టని 12వ శతాబ్దంలో యూదు పండితుడు మైమొనిడీస్ రాశాడు. ఈ రెండింట్లోంచి దేవుణ్ణి తీసేసినా అవి చెక్కుచెదరవు. ఒకదానికి సాక్షి బాధపడ్డ మనిషి, రెండోదానికి పరీక్ష మళ్లీ ఎదురైన సందర్భం. రెండూ కంటికి కనిపించేవే.

ఈ నియమాన్ని కోలారు జిల్లాకు తెచ్చి చూడండి. 2022 సెప్టెంబరులో మాలూరు తాలూకాలోని ఒక ఊళ్లో, ఊరేగింపు దేవుడి కొయ్యను దళిత బాలుడు తాకాడని ఆ కుటుంబానికి 60,000 రూపాయల జరిమానా వేశారు. అక్కడ పశ్చాత్తాపపడవలసింది ఎవరు? వ్యక్తిగత ఆధ్యాత్మిక ఎదుగుదల గురించిన బోధలు, ఏ మతానివైనా, సరిగ్గా ఇక్కడే దారి తప్పుతాయి. కొట్టినవాణ్ణీ దెబ్బతిన్నవాణ్ణీ పక్కపక్కన కూర్చోబెట్టి, ఎవరి లోపాలు వాళ్లు వెతుక్కోమంటాయి. మిష్నా నియమాన్ని ఉన్నదున్నట్టు పాటిస్తే, క్షమాపణ అడుగుతూ వాడకు నడిచి రావలసింది ఊరు.

నా వాదనకు అభ్యంతరాలు ఉన్నాయి. కాశ్యప, భారద్వాజ గోత్రాలకు పత్రాలు ఎవరూ అడగరు, దళితులను మాత్రమే ఎందుకు అడుగుతారు అన్నది అన్నిటికన్నా న్యాయమైన ప్రశ్న. జవాబు ఒక్కటే: అందరినీ అడగాలి. ఋషుల సంతతి అన్న మాటకు ఎఫ్రాయీము మాటకున్నంత ఆధారం కూడా లేదు. కథ లేకపోతే అణగారినవాళ్లకు ధైర్యం ఎక్కడిదన్నది మరో ప్రశ్న. కథ ధైర్యమిస్తుందని ఒప్పుకుంటాను. కానీ కోలారు గనుల్లో తల ఎత్తుకునే వీలు కల్పించినవి ఊరి భూస్వామికి దూరంగా చేతికందిన కూలీ డబ్బు, చదువు, అచ్చుయంత్రం. 1930లో వేలిముద్రల నమోదును ఎదిరించి సమ్మె కట్టినవాళ్లకు వంశావళితో పని పడలేదు. బౌద్ధంలోనే పోకల లక్ష్మీనరసు మరో దారి చూపాడు. ఆయన 1907 నాటి పుస్తకం బుద్ధుణ్ణి హేతువు మీద నిలబెట్టింది; 1948లో దాన్ని మళ్లీ అచ్చు వేసినప్పుడు ముందుమాట రాసింది అంబేడ్కర్.

యూదు మతానికి పుట్టుకే పునాది కదా అంటారు ఇంకొందరు. ఆ మత చరిత్ర అలా చెప్పదు. బైబిలులో ఇశ్రాయేలీయుల్లో కలిసిపోయిన రూతు పుట్టుకతో మోయాబీయురాలు. మతం మార్చుకున్న ఓబద్యా అనే వ్యక్తి అడిగినప్పుడు, ప్రార్థనలో మా పితరుల దేవా అని నువ్వూ నిస్సంకోచంగా అనవచ్చని మైమొనిడీస్ జవాబు రాశాడు. మిజోరం, మణిపూర్‌ల బ్నెయి మెనషే ప్రజలను 2005లో ఇశ్రాయేలు ప్రధాన రబ్బీ తప్పిపోయిన గోత్రపు సంతతిగా గుర్తించాడు. అయినా వాళ్లు శాస్త్రోక్తంగా మతం పుచ్చుకోవలసిందేనన్నారు. మరి గోత్రం చేసిన పనేమిటి? అది చేయగల పని కొచ్చిలో కనిపించింది. 1568 నాటి పరదేశి సినగాగ్‌లో, విడుదలైన బానిసల వారసులని ముద్రపడిన యూదులను తోటి యూదులే సమానంగా కూర్చోనివ్వలేదు. వాళ్లలో పుట్టిన న్యాయవాది ఎ.బి. సేలం ఆ సినగాగ్‌లోనే సత్యాగ్రహానికి దిగాడు. కొత్తరెడ్డిపాలెం వాళ్లు మాది అని చెప్పుకోదగిన యూదు చరిత్ర ఇదే. దానికోసం అష్షూరు దాకా వెళ్లనక్కర్లేదు.